లేయర్స్ ప్యానెల్ మాయమైతే పాటించవలసిన నియమాలు

ముహూర్తాల సీజన్‌లో, పెళ్లికొడుకు మేనమామ కౌంటర్ దగ్గర నిలబడి ‘ఫ్లెక్స్ అయిపోయిందా బాబూ’ అని అడిగే వేళకే ఫొటోషాప్‌లో లేయర్స్ ప్యానెల్ మాయమవుతుంది. పోతూపోతూ టూల్స్‌ను కూడా వెంటబెట్టుకుపోతుంది. అప్పుడు అనుభవజ్ఞుడైన డీటీపీ ఆపరేటర్ ఏం చేయాలంటే:

1. ముందు నేరస్థుణ్ణి పట్టుకోండి. మీరు భోజనానికి వెళ్లినప్పుడు మీ సీట్లో ఎవరూ కూర్చోకపోయినా సరే, కొత్తగా చేరిన కుర్రాడొకడు ఉండనే ఉంటాడు. ‘నా సిస్టం ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా!’ అని అందుకోండి. అను ఫాంట్లో పెళ్లికూతురి పేరు కొట్టి, టెక్స్ట్‌లోంచి బయటికొచ్చిన సంగతి మరిచి ట్యాబ్ నొక్కింది మీ వేలే అయ్యుండొచ్చు. ట్యాబ్ ఒకసారి నొక్కితే ప్యానెళ్లన్నీ దాక్కుంటాయి, మళ్లీ నొక్కితే వచ్చేస్తాయి. షిఫ్ట్ కూడా కలిపితే టూల్స్ మాత్రం మిగులుతాయి. ఇవన్నీ కుర్రాడి ముందు ఒప్పుకునే విషయాలు కావు.

2. మెనూతో సహా అంతా పోయి బొమ్మ చుట్టూ నలుపు మిగిలిందా? ఎఫ్ కీ రెండుసార్లు పడినట్టుంది. మూడోసారి నొక్కితే మామూలైపోతుంది. కానీ పవర్ బటన్ అదిమిపట్టడమే మన సంప్రదాయం. సేవ్ చేయని ఫైలు పోతే పోయింది, చర్య తీసుకున్నట్టు నలుగురికీ కనబడుతుంది.

3. చెదిరిన ప్యానెళ్లను ఒక్కొక్కటిగా చేత్తో లాక్కురండి. ఎఫ్7 నొక్కితే లేయర్స్, ఎఫ్6 నొక్కితే కలర్ వస్తాయి. నీలిగీత మెరిసిన చోటే వదలాలి. వెంట్రుకవాసి తప్పినా ప్యానెల్ పోయి పెళ్లికొడుకు మొహం మీద తేలుతుంది. సాయంత్రం గడపడానికి ఇంతకు మించిన పని లేదు.

4. గోటితో పోయేదానికి గొడ్డలి వాడండి. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి పట్టుకుని ఫొటోషాప్ తెరిస్తే, సెట్టింగ్స్ ఫైలు తీసేయమంటారా అని అడుగుతుంది. చదవకుండా ‘ఎస్’ కొట్టండి. ఏళ్లుగా సర్దుకున్న యూనిట్లు, ఇతర సెట్టింగులు అన్నీ మొదటికొస్తాయి. కోరెల్‌డ్రా వాళ్లు నిరాశపడనక్కర్లేదు. తెరిచేటప్పుడు ఎఫ్8 పట్టుకుంటే వాళ్లు సర్దుకున్నదీ తుడిచిపెట్టుకుపోతుంది.

5. ఎట్టి పరిస్థితుల్లోనూ విండో మెనూ తెరిచి, వర్క్‌స్పేస్‌లో ‘రీసెట్ ఎసెన్షియల్స్’ నొక్కకండి. అంతా క్షణంలో యథాస్థానానికి వచ్చేస్తే మీ అనుభవానికి విలువేముంది? 2002లో వచ్చిన ఫొటోషాప్ 7లోనే ‘రీసెట్ పాలెట్ లొకేషన్స్’ ఉంది. మన అమరికను మనకు నచ్చిన పేరుతో దాచుకునే వీలూ అప్పటిదే. ఇప్పటి వెర్షన్లలో అలా దాచుకున్నవాళ్లకు రీసెట్ కొడితే సొంత అమరికే తిరిగొస్తుంది. అలాంటివాళ్లు కుర్రాణ్ణి తిట్టే అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

6. ఆ కుర్రాడే ‘అన్నా, విండోలో రీసెట్ ఉంది కదా’ అంటే, వెంటనే టీ తెమ్మని పంపండి. అతను మెట్లు దిగగానే రీసెట్ కొట్టండి.

7. చివరగా మీ ఓనర్ వైపు తిరిగి, చెమట తుడుచుకుంటూ ‘వైరస్ అండీ’ అనండి. ‘ట్యాబ్ కీ అండీ’ అన్నవాడికి జీతం పెంచిన ఓనర్ ఇంతవరకూ పుట్టలేదు.