ఆల్బమ్ వినకముందే తీర్పు చెప్పే పద్ధతులు

కుందుర్పి, కంబదూరు, శెట్టూరు వైపు ఊళ్లలో ఇంటికో పిల్లోడు బెంగుళూరులో ఉంటాడు. వాళ్లలో ఎవడో ఒకడు పగలంతా డెలివరీ బండి తోలి, రాత్రి అద్దెగది తలుపుకు దుప్పటి కట్టి, సందులో కుక్కలు అరుపు ఆపేదాకా కాచుకొని ర్యాప్ రికార్డు చేస్తాడు. ఏడాదికో రెండేళ్లకో ఆల్బమ్ ఒకటి తయారుచేసి ఊళ్లోవాళ్లందరికీ లింకు పంపుతాడు. ‘అన్నా, విని ఎట్లుందో చెప్పు’ అంటాడు. ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి వినడం, రెండోది చెప్పడం. మొదటిది ఐచ్ఛికం. ఈ సంగతి తెలియని అమాయకులు పాటలన్నీ విని, తర్వాత ఏం చెప్పాలో తోచక తల గోక్కుంటున్నారు. వాళ్ల మేలు కోరి ఈ సలహాలు రాస్తున్నాను.

వినకుండా చెప్పడం తప్పేమో అనే పాతకాలపు బెరుకు ఉంటే ముందు దాన్ని వదిలించుకోండి. అమెరికాలో వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందం ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ షావోలిన్’ అని ఒక ఆల్బమ్ చేసి, ప్రపంచం మొత్తానికి ఒకే ఒక్క ప్రతి తయారుచేసింది. 2015లో మందుల వ్యాపారి మార్టిన్ ష్క్రెలి దాన్ని 20 లక్షల డాలర్లకు కొన్నాడు. ఆయన జైలుకు పోయాక ప్రభుత్వం దాన్ని జప్తుచేసి అమ్మేసింది. 88 ఏళ్లపాటు వ్యాపారంగా విడుదల చేయకూడదని మొదట్లోనే షరతు. అంటే 2103 దాకా. విన్నవాళ్లు బహుకొద్దిమంది, అభిప్రాయం ఉన్నవాళ్లు లక్షల్లో. అంత పెద్ద దేశంలో చెల్లిన పద్ధతి మన టీ అంగడి దగ్గర చెల్లదా?

లింకు రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘ఇది ఏ సినిమాలోదప్పా?’ సినిమాలోది కాదని తేలగానే ‘ఓహో, ప్రైవేట్ సాంగా’ అనండి. ‘ప్రైవేట్’ దగ్గర గొంతు కొంచెం తగ్గాలి, ఎవరికో జబ్బుచేసిందని చెప్పేటప్పుడు తగ్గుతుందే, అట్ల. తెలుగువాళ్లలో చాలామంది చెవిన పడ్డ తొలి ర్యాప్ 1994లో ‘ప్రేమికుడు’ కోసం రెహమాన్ కట్టిన ‘పేట ర్యాప్’. దానికి ప్రభుదేవా కాళ్లున్నాయి, శంకర్ తిప్పించిన కెమెరా ఉంది. కాళ్లూ కెమెరా లేని ర్యాప్‌ను మనం ఒప్పుకోవాల్సిన పనిలేదు. ర్యాపర్లు రోల్ రైడా, నోయల్ బిగ్‌బాస్ ఇంట్లోకి పోయినాకే చాలా ఇళ్లల్లో వాళ్ల పేర్లు వినబడ్డాయి. ఎవరైనా ప్రణవ్ చాగంటి లాంటివాడి పేరు చెప్పి, తెలుగులోనే ర్యాప్ రాస్తాడని మెచ్చుకుంటే ‘బిగ్‌బాస్‌కు పోయినాడా?’ అని ఒక్క మాట అడగండి, చాలు.

ఇక వినక తప్పని పరిస్థితి వచ్చిందనుకుందాం. పిల్లోడు పక్కనే కూర్చొని మీ మొహమే చూస్తున్నాడు. అప్పుడు ఫోను స్పీకరులోనే పెట్టండి. ఇయర్‌ఫోన్లు దగ్గరున్నా జేబులోంచి తియ్యొద్దు. ర్యాప్ బీటుకు అడుగున మోగే బరువైన బేస్‌ను ఆ పని చేసేవాళ్లు ‘ఎయిట్-ఓ-ఎయిట్’ అంటారు. 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ నుంచి వచ్చిన పేరది. ఆ శబ్దం యాభై హెర్ట్జ్ దగ్గర తిరుగుతుంది. గోరంత ఫోను స్పీకరు అంత కిందికి దిగలేదు. ఆ పిల్లోడు వారాల తరబడి కూర్చిన బేస్ మొత్తం గాల్లో కలిసిపోయి, మీకు టకటకలు మాత్రం వినబడతాయి. అప్పుడు నిజాయితీగానే ‘బీటులో దమ్ము లేదప్పా’ అనొచ్చు. ఒకవేళ వాడు మన అనంతపురం ఉరుముల వాద్యాన్ని రికార్డుచేసి పాటలో కలిపి ఉంటే ఇంకా మంచిది. ఆ వాద్యాన్ని ఒకవైపు పుల్లతో రాస్తూ రెండోవైపు కొడతారు. రాసినప్పుడు వచ్చే గుర్రుమనే శబ్దమే దాని ప్రాణం. ఫోను స్పీకరులో ఆ ప్రాణమే పోతుంది. ‘ఫోక్ టచ్ లేదు’ అనడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

ఎంతసేపు వినాలి? ఇరవైతొమ్మిది సెకన్లు. స్పాటిఫైలో ముప్పై సెకన్లు దాటితేనే ఒకసారి విన్నట్టు లెక్క, ఆ తర్వాతే పాడినవాడి ఖాతాలో పైసల్లో చిన్నమెత్తు పడుతుంది. ఇరవైతొమ్మిదో సెకనుకే ఆపితే మీ అభిప్రాయమూ తయారవుతుంది, వాడికి పైసా కూడా ముట్టదు. కరువు ప్రాంతంలో పొదుపు నేర్చుకోకపోతే ఎట్లా?

భాష విషయంలో జేబులో రెండు తీర్పులు సిద్ధంగా పెట్టుకోండి. వాడు సీమ యాసలో పాడితే ‘ఇదేం భాషప్పా, నీట్‌గా రాయచ్చు గదా’. పుస్తకాల తెలుగులో పాడితే ‘మన మట్టివాసన యాడుందిరా ఇందులో?’ కుందుర్పి పిల్లోడి నోట కన్నడం దొర్లడం సహజం. పక్కనే కర్ణాటక, ఆ వైపు పావగడలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది. అయినా సరే, ‘కన్నడం యాల దూర్చినావు?’ అని నిలదీయండి. సినిమాలవాళ్లు సీమ యాసను బాంబులేసేవాడికీ తొడగొట్టేవాడికీ పట్టా రాసిచ్చేశారు. అదే యాసలో ఒకడు గది అద్దె గురించీ, ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మ గురించీ పాడితే హక్కుదారుల మనోభావాలు దెబ్బతినవా?

ఇప్పుడు ప్రాస. ర్యాప్ అంటే ప్రాస అని అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ మీరు పండితుల్లా మాట్లాడొచ్చు. చెయ్యాల్సిందల్లా ప్రతి లైను చివరి అక్షరం మాత్రమే చూడటం. తెలుగులో క్రియ వాక్యం చివరికొస్తుంది, వచ్చి ‘డు’తోనో ‘ది’తోనో ‘ను’తోనో ఆగుతుంది. వచ్చాడు, పోయాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఇట్లాంటి అంత్యప్రాస బస్సు కండక్టరు కూడా వేస్తాడు. దీన్నే మీరు ‘ఏం ప్రాస వేసినాడురా!’ అని మెచ్చుకోవాలి. పనితెలిసిన ర్యాపర్ ఏం చేస్తాడంటే, ఈ సులువు ప్రాసను తోసేసి క్రియను లైను మధ్యకు లాగుతాడు. లైను మధ్యలో వచ్చిన మాటకు తర్వాతి లైను మధ్యలో జోడీ కుదురుస్తాడు. నాలుగు దెబ్బల తాళంలో మూడో దెబ్బ మీద పడాల్సిన దీర్ఘాన్ని అర దెబ్బ ఆలస్యంగా దించుతాడు. పొట్టి అక్షరాన్ని సాగదీసి, పొడుగు అక్షరాన్ని మింగి, గురులఘువులతో ఆడుకుంటాడు. వీటిని పట్టుకోవాలంటే రెండు మూడుసార్లు వినాలి. మీరు వినరు. కాబట్టి ‘ప్రాస తప్పింది’ అని కొట్టిపారేయండి.

ఎవరైనా అడ్డుపడి వేమన్న పేరెత్తితే కొంచెం జాగ్రత్త. వేమన్న ఎక్కువగా రాసింది ఆటవెలది. ఆ పద్యానికి ప్రాస నియమమే లేదు. మన కొలత ప్రకారం ఆయనకూ పాసుమార్కులు రావు. పైగా ప్రతి పద్యం చివర మకుటంలో తన పేరు వేసుకుంటాడు. ర్యాపర్ పాట మొదట్లో తన పేరు తాను చెప్పుకుంటే ‘ఎంత పొగరు’ అనే మనం, వేమన్న దగ్గర మాత్రం చేతులు కట్టుకుంటాం. ఈ తేడా ఎందుకని అడిగితే మాట మార్చండి. పండితులు కూడా చాలాకాలం వేమన్నను కవుల వరుసలో కూర్చోబెట్టలేదు. కులాన్ని తిట్టాడు, విగ్రహాలను ఎగతాళి చేశాడు, బూతులు రాశాడు, వ్యాకరణం చూసుకోలేదు. ఇప్పుడు అండర్‌గ్రౌండ్ ర్యాపర్ మీద మనం రాస్తున్న ఫిర్యాదు కాగితం ఇంచుమించు ఇదే. కొత్తది తయారుచేసుకునే శ్రమ తప్పింది. పద్యాలు మాత్రం జనం నోళ్లల్లో తిరుగుతూనే ఉన్నాయి. 1829లో సి.పి. బ్రౌన్ అనే తెల్లదొర వాటిని ఏరి అచ్చేయించాడు.

ఇంకో ప్రమాదం మన పక్కనే ఉంది. కంబదూరు మండలం రాళ్లపల్లిలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ సంస్కృతం, సంగీతం రెండూ క్షుణ్ణంగా చదువుకున్న మనిషి. అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టినవాడు, 1974లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నవాడు. అంతటి పండితుడు 1928లో వేమన మీద వరసగా ఉపన్యాసాలిచ్చి, పద్యాలను ఒక్కొక్కటిగా విప్పి, ఎక్కడ బాగుందో ఎక్కడ బాగాలేదో కారణాలతో చెప్పాడు. అవి పుస్తకంగా కూడా వచ్చాయి. దయచేసి మీరు ఆ దోవ తొక్కకండి. ఆయన ముందు చదివి తర్వాత మాట్లాడాడు. అట్ల చేస్తే ఒక ఆల్బమ్ మీద అభిప్రాయానికి ఎన్ని నెలలు పడుతుందో ఊహించుకోండి. టీ చల్లారిపోదూ!

పాటల్లో విషయం గురించి ఒకటే సూత్రం: ఏది ఉంటే అది ఎందుకుందని అడగాలి, ఏది లేకపోతే అది ఎందుకు లేదని అడగాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా మనది. దేశంలో వాన బాగా తక్కువపడే జిల్లాల్లో మనదీ ఒకటని బడిలో ఉన్నప్పటినుంచీ వింటున్నాం. పిల్లోడు ఎండిన బోరు గురించి, చెనిక్కాయ చేను గురించి, వలస బస్సు గురించి పాడితే ‘ఎప్పుడూ కరువేనా, మూడ్ పాడైపోతుందబ్బీ’ అనండి. ప్రేమ గురించి పాడితే ‘కరువు సీమలో పుట్టి ప్రేమపాటలా?’ అనండి. కులం మాట ఎత్తితే ‘మ్యూజిక్‌లో రాజకీయాలెందుకు?’ అనండి. తమిళనాట అరక్కోణం కుర్రాడు అరివు కులం మీదే పాటలు కట్టాడు. 2021లో ‘ఎంజాయ్ ఎంజామి’ దేశమంతా మోగింది. ఆ ఏడాదే ఆ పాట ఊపుతో వేసిన ఒక పెద్ద పత్రిక ముఖచిత్రంలో, పాట రాసి పాడిన అరివు బొమ్మే లేదు. గొడవయ్యింది. మాట రాసినవాణ్ణి పక్కకు నెట్టి పాటను నెత్తిన పెట్టుకునే ఈ విద్య పత్రికలకే పరిమితం కానక్కర్లేదు, మీరూ నేర్చుకోవచ్చు.

బీటు కట్టినవాడి పేరు అసలు అడగొద్దు. 2024లో హనుమాన్‌కైండ్ అనే ర్యాపర్ పాట ‘బిగ్ డాగ్స్’ ఊరూరా మోగింది. వీడియోలో మృత్యుబావి చుట్టూ తిరిగే కార్లు, బైకులు అందరికీ గుర్తే. ఆ బీటు కల్మిదని ఎంతమందికి గుర్తుంది? హనుమాన్‌కైండ్ ఇంగ్లిష్ యాస విని ‘వీడు మనోడేనా’ అని తగువులాడుకున్నాం తప్ప. మన పిల్లోడి లింకు రాగానే కూడా ‘బిగ్ డాగ్స్ లాగ లేదు’ అని తేల్చెయ్యండి. వాడు ‘బిగ్ డాగ్స్’ లాగ చేసి ఉంటే ‘కాపీ కొట్టినాడు’. పాత పాట ముక్క వినబడినా ఇదే మందు. ఎం.ఐ.ఏ. అనే ర్యాపర్ 2007లో తల్లి పేరు పెట్టుకున్న ‘కలా’ ఆల్బమ్‌లో, మొదటి పాటకే ఇళయరాజా ‘దళపతి’ పాట ముక్కను వాడుకుంది. ప్రపంచమంతా చెవి రిక్కించి విన్నది. అది లండన్ అమ్మాయి కాబట్టి శాంప్లింగ్. కుందుర్పి అబ్బాయి చేస్తే దొంగతనం.

ఈ ఎత్తులన్నీ పారకపోతే బ్రహ్మాస్త్రం ఒకటుంది: ‘ముందుదే బాగుండె.’ అమెరికా ర్యాపర్ నాస్ 1994లో తొలి ఆల్బమ్ ‘ఇల్‌మాటిక్’ తెచ్చాడు. 1996లో రెండో ఆల్బమ్ రాగానే అమ్ముడుపోయాడని అభిమానులే మొహం చిట్లించారు. ర్యాపర్ ఎంఎఫ్ డూమ్, బీట్లు కట్టే మ్యాడ్‌లిబ్ కలిసి చేసిన ‘మ్యాడ్‌విలెనీ’ ఆల్బమ్ సంగతి ఇంకా ముచ్చటైనది. 2004లో విడుదల కావడానికి ఏడాది ముందే, పని పూర్తికాని ప్రతి ఒకటి బయటికి పొక్కింది. విసుగెత్తిన డూమ్ తర్వాత గొంతు దించి, నింపాదిగా మళ్లీ చదివి రికార్డు చేశాడు. అసలు ఆల్బమ్ వచ్చాక కొందరు వినేవాళ్లు ‘లీకయినదే బాగుంది’ అన్నారు. ఆ మాట అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన పిల్లోడికి ఇదే తొలి ఆల్బమ్ అయితే? ఏం ఫర్వాలేదు. తొమ్మిదో తరగతిలో ఆగస్టు పదిహేనుకు స్టేజీ మీద ఏదో పాడి ఉంటాడు గదా, అదే బాగుండె అనండి.

చివరికి జాతరకో పండగకో వాడు ఊరికొస్తాడు. దుర్గం కొండ మీద తీసిన వీడియో చూపిస్తాడు. ‘డ్రోన్ షాట్ లేదా?’ అని అడగండి. ఆ రాత్రి స్టేజీ ఎక్కించి ఊరికే పాడమనండి. డబ్బుల మాటొద్దు, మనోడే కదా. వాడు తన పాట మొదలుపెట్టగానే కింది నుంచి సినిమా పాట పేరొకటి అరవండి. అది పాడి దిగి వచ్చాక చేతిలో నూటపదహార్లు పెట్టి, భుజం తట్టి, ‘బాగుందప్పా, సినిమాల్లో ఎప్పుడు ట్రై చేస్తావు?’ అనండి. ఆ ప్రశ్నకు వాడి దగ్గర జవాబుండదు. గెలుపు మీదే.