నాంపల్లి మీదుగా ఈజిప్టు

ఏజెంటు లేకుండా, గుంపు లేకుండా, సొంతంగా ఈజిప్టు చూసి రావాలనుకునేవాళ్లకు నా మొదటి సలహా: శుక్రవారం బయల్దేరండి. ఎక్కడికంటే, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియానికి. అసలు ఈజిప్టుకు ముందు అక్కడి మమ్మీని చూసి అలవాటు చేసుకోవాలి. శుక్రవారమైతే జనం ఉండరు, టికెట్టు కిటికీ దగ్గర తోపులాట ఉండదు. తలుపులు కూడా తెరిచి ఉండవనుకోండి, ఆ మ్యూజియానికి వారపు సెలవు ఆ రోజే. అయినా గేటు దాకా వెళ్లి రావడం వల్ల మమ్మీని చూడబోయిన పుణ్యం దక్కుతుంది. నేను మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ శుక్రవారమే. అనుభవంతో చెబుతున్నాను.

దారి అడిగేటప్పుడు మ్యూజియం పేరు చెప్పకండి. నాంపల్లి స్టేషన్ బయట ఆటో ఆపి, "భయ్యా, మమ్మీ దగ్గరికి పోదాం" అనండి. అతను మిమ్మల్ని ఎగాదిగా చూసి, నేరుగా సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తాడు. హైదరాబాదులో మ్యూజియం అంటే ఆటోవాళ్లకు అదొక్కటే. నష్టమేమీ లేదు. అక్కడ టుటన్‌ఖామన్ సింహాసనానికి నకలు ఉంది, శుక్రవారం కాకపోతే దాన్ని చూసి, కూర్చోనివ్వరని తెలుసుకుని, ఇంకో ఆటోలో నాంపల్లికి తిరిగి రావచ్చు. మీరు స్టేషన్ దగ్గరే దిగి ఉంటే పబ్లిక్ గార్డెన్స్ నడిచిపోయేంత దూరం. కానీ నడిచి వెళ్లేవాడు యాత్రికుడు ఎలా అవుతాడు?

ఇక పుస్తకాలు. ప్రయాణానికి ముందు చదువుకుని వెళ్లాలి అని పెద్దలు అంటారు. ఆదివారం పొద్దున అబిడ్స్‌కు వెళ్లండి. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఎంసెట్ గైడ్ల కిందా, వంటల పుస్తకాల పక్కనా వెతికితే ఈజిప్టు గైడు ఒకటి తప్పక దొరుకుతుంది. వీలైనంత పాతది కొనండి. పాత పుస్తకంలో హోటల్ ధరలు తక్కువగా ఉంటాయి.

నా పుస్తకంలో మహారాజుల మమ్మీలన్నీ కైరో తహ్రీర్ స్క్వేర్‌లోని మ్యూజియంలో, 1902 నాటి గులాబీ రంగు భవనంలో ఉన్నాయి. నేను వెళ్లేసరికి లేవు. 2021 ఏప్రిల్ 3న 18 మంది రాజుల్ని, నలుగురు రాణుల్ని ఒక్కొక్కరికీ ఒక్కో బండి పెట్టి, దీపాలూ బ్యాండూ వెంట రాగా, ఊరేగింపుగా మరో మ్యూజియానికి తరలించారట. వినాయక నిమజ్జనం నాడు మొజంజాహీ మార్కెట్ నుంచి అబిడ్స్ మీదుగా విగ్రహాలు పోతుంటే చూసినవాడికి ఆ వైభవం ఊహించుకోవడం కష్టం కాదు. తేడా ఏమిటంటే వాళ్లు ముంచలేదు. ఇప్పుడు టుటన్‌ఖామన్ సామాను కూడా తహ్రీర్ ఖాళీ చేసి, పిరమిడ్ల పక్కన 2025 నవంబరులో తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి చేరింది. మీరు మాత్రం పుస్తకాన్నే నమ్మండి. పోలీసాయనకు ఆ పేజీ చూపించి వాదించండి. పుస్తకానికి డబ్బులిచ్చాం కదా.

వెళ్లాల్సింది మే నెలలో. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుందని అందరూ చెప్తారు, అందుకే అప్పుడు అందరూ ఉంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, కొత్తగూడెం వేసవి చూసినవాళ్లం, లక్సర్ ఎండ మనల్నేం చేస్తుంది? రాజుల లోయ పొద్దున్నే ఆరింటికి తెరుస్తారు. తెలిసినవాళ్లు అప్పుడే వెళ్లి, ఎండెక్కేలోపు బయటపడతారు. మీరు నిద్ర చాలించి, టిఫిన్ చేసి, రెండు టీలు తాగి పదకొండింటికి చేరండి. ఆ లోయలో చెట్టు మొలవదు. తెల్లటి సున్నపురాయి గోడలు మూడు వైపులా నిలబడి ఎండను మీ మొహం మీదికే తిప్పికొడతాయి. సమాధిలోకి దిగితే చల్లగా ఉంటుందనుకుంటాం. ఉండదు. లోపల అంతకుముందు వెళ్లినవాళ్ల ఊపిర్లన్నీ నిలవ ఉంటాయి. మామూలు టికెట్టు మీద మూడు సమాధులు చూడనిస్తారు, టుటన్‌ఖామన్‌ది విడిగా కొనాలి. 1922 నవంబరులో హోవార్డ్ కార్టర్ బయటపెట్టిన ఆ గది లోయలోని చిన్న సమాధుల్లో ఒకటి. సామానంతా కైరోకు పోయింది, రాజు మాత్రం అక్కడే పడుకుని ఉన్నాడు. మొదట దానికే టికెట్టు కొని, గోడ నిండా రంగులున్న పెద్ద సమాధుల్ని ఓపిక లేక వదిలేయండి. అందరూ అలాగే చేస్తారు. ఈ ఒక్క విషయంలో జనంతో పాటే పోదాం.

భాష గురించి దిగులు వద్దు. హైదరాబాదువాడికి అరబ్బీ సగం వచ్చినట్టే. కుర్సీ అక్కడా కుర్సీయే, సబ్బు సాబూనే, దునియా దునియాయే. హోటల్లో బిల్లు కావాలంటే హిసాబ్ అంటే చాలు. కలం మాత్రం మొదటి అక్షరం మింగేసి 'అలం' అంటారు. ఈ నాలుగు మాటల ధైర్యంతో ట్యాక్సీవాడితో రాజకీయాలు మొదలుపెట్టండి.

అంకెలు నేర్చుకోవద్దు. ఇది ముఖ్యం. స్టేట్ మ్యూజియంలో నాణేల గది ఉంది. నిజాం నాణేల మీద ఉన్న ఉర్దూ అంకెల్ని పావుగంట చూస్తే ఈజిప్టు సంతలో చాలావరకు గడిచిపోతుంది, కానీ పావుగంట ఎవరికుంది? అక్కడ ధరల అట్టల మీద మన 1, 2, 3 ఉండవు. వాళ్ల సున్నా ఒక చుక్క. మన సున్నాలా గుండ్రంగా ఉండేది వాళ్ల ఐదు. మన 7లా కనిపించేది ఆరు. అస్వాన్ బజారులో ఖర్జూరాల గుట్ట మీద గుచ్చిన అట్టను నేను 70 అని చదివాను. పావుగంట బేరమాడాను. దండం పెట్టాను, వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేశాను, సుల్తాన్ బజార్‌లో మా ఆవిడ నేర్పిన విద్యలన్నీ ప్రయోగించి 68కి దించాను. అతను నవ్వుతూ పొట్లం కట్టి, పైన రెండు పళ్లు కొసరు కూడా వేశాడు. హోటలుకొచ్చి రిసెప్షన్ కుర్రాడికి ఆ అట్ట ఫొటో చూపిస్తే తెలిసింది, దాని మీద ఉన్నది 65.

బక్షీష్ మాటకొస్తే, ఆ మాట మనదే అన్నట్టు ప్రవర్తించండి. సమాధుల్లో కాపలావాళ్లు వేలితో సైగ చేసి తాడు అవతలికి రమ్మంటారు, టార్చి వేసి చూపిస్తారు, మీ ఫోను తీసుకుని మీకే ఫొటో తీస్తారు. ఇది ఆతిథ్యం అని నమ్మండి. బయటికొచ్చాక అతను చేయి చాపితే కరచాలనం చేయండి. గిజాలో ఒంటెవాడు కూడా అంతే. ఎక్కడానికి అతి తక్కువ అడుగుతాడు. దిగడానికెంత అని ముందే అడిగేవాడు పిరికివాడు. నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కినప్పుడు దిగడానికి వేరే టికెట్టు అడిగారా ఎవరైనా? ఒంటె మీద పది అడుగుల ఎత్తున, ముందుకీ వెనక్కీ ఊగుతూ, కింద నుంచి అతను చెప్పే అంకె వింటున్నప్పుడు ఖుఫూ పిరమిడ్ చక్కగా కనిపిస్తుంది. 23 లక్షల రాళ్లంటారు. లెక్కపెట్టుకోవడానికి టైము దొరుకుతుంది.

పటం చూసేవాళ్లకు చిన్న మాట. ఎగువ ఈజిప్టు అంటే పటంలో పైన ఉంటుందనుకుని కైరో నుంచి ఉత్తరానికి రైలెక్కండి. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది కాబట్టి లక్సర్, అస్వాన్ ఉన్న దక్షిణమే వాళ్లకు ఎగువ. గోదావరి జిల్లాలవాళ్లకైతే ఇది చెప్పక్కర్లేదు. లక్సర్‌లో తూర్పు ఒడ్డు బతికినవాళ్లకు, గుళ్లకు. పొద్దు గుంకే పడమటి ఒడ్డు పోయినవాళ్లకు. మనం దక్షిణం దిక్కు యముడికి వదిలేశాం, వాళ్లు పడమర వదిలేశారు. హోటలు ఏ ఒడ్డున తీసుకున్నారో చూసుకోకుండా డబ్బు కట్టేయండి.

అబు సింబెల్‌కు వెళ్లాలా అని చాలామంది అడుగుతారు. వద్దు. అస్వాన్ నుంచి 280 కిలోమీటర్ల ఎడారి, రాత్రి మూడింటికో నాలుగింటికో లేవాలి. అదీగాక మనకు నాగార్జునకొండ ఉంది. నిజంగా ఆ రెండూ తోబుట్టువుల్లాంటివి. కృష్ణ మీద సాగర్ డ్యాముకు 1955లో పునాది వేశారు. లోయ మునిగిపోతుందని అంతకు ఏడాది ముందే తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా తవ్వారు. ఇక్ష్వాకుల నాటి స్తూపాలు, విహారాల్లో కొన్నిటిని ఇటుక ఇటుకా కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు చేర్చి తిరిగి కట్టారు. నైలు మీద అస్వాన్ హై డ్యాము పని మొదలైంది సరిగ్గా ఆ 1960లోనే. అబు సింబెల్‌లోని రామసేస్ రాజు గుళ్లను 1964 నుంచి 1968 దాకా దిమ్మెలుగా కోసి 65 మీటర్ల ఎత్తుకు ఎక్కించారు. ఏడాదిలో రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ అక్టోబరులోనూ, సూర్యుడు గర్భగుడి దాకా వచ్చేవాడు. గుడి జరిగాక ఒక రోజు తేడాతో, రెండు నెలల్లోనూ 22న, ఇప్పటికీ వస్తున్నాడు. వాళ్లు దాని మీద సినిమాలు తీశారు, ప్రపంచమంతా చందాలు పోగుచేశారు. మనం కొండకు పోయే లాంచీ టైముకు లేదని తిరిగొచ్చేశాం. కాబట్టి అబు సింబెల్ మానేసి, నాగార్జునకొండ చూశానని చెప్పుకోండి. నేనూ అలాగే చెప్పుకుంటాను. అదీ చూడలేదు.

మళ్లీ నాంపల్లికి వద్దాం, అసలు మనిషి అక్కడుంది. పేరు నైషు. ఆరో ఫారో కూతురని చెబుతారు. ఏ వరుసలో ఆరో ఫారో అని ఆరా తీయకండి, అలాంటి ప్రశ్నలు గైడును పెట్టుకునేవాళ్లకు. ఆమెను వెయ్యి పౌండ్లిచ్చి కొన్నాడని చెప్పే నజీర్ నవాజ్ జంగ్ ఆరో నిజాం అల్లుడు. పక్కనున్న అబిడ్స్‌కు ఆ పేరొచ్చింది ఆరో నిజాం దగ్గర బట్టల వ్యవహారం చూసిన ఆల్బర్ట్ అబిడ్ అనే అర్మేనియా మనిషి దుకాణం వల్ల. ఇన్ని ఆరుల మధ్య ఆమె ఏడో నిజాం చేతికి వచ్చింది. ఆయన పొదుపరి, ఇంట్లో పెట్టుకోకుండా 1930 ప్రాంతంలో మ్యూజియానికి ఇచ్చేశాడు. అప్పటినుంచీ ఆమె బాగే ఆంలోనే, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లోనే, ఉంది. ఈ తొంభై చిల్లర ఏళ్లలో ఊరు మారింది, రాష్ట్రం మూడుసార్లు మారింది, ముందు మెట్రో వచ్చింది. 2016లో ఒకసారి సీటీ స్కాన్‌కు ఆసుపత్రికి వెళ్లొచ్చింది. వెంట అటెండెంటు లేకుండా చేర్చుకున్న పేషెంటు ఈ నగరంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. తర్వాత గాలి తగలకుండా మూసేసిన అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు.

ఆమె దగ్గర మూడు నిమిషాలకు మించి నిలబడకండి. మించితే లెక్కలు మొదలవుతాయి. ఆమె క్రీస్తుకు ముందు 300కూ 100కూ మధ్య మనిషి. గిజా పిరమిడ్లు క్రీస్తుకు ముందు 2,500 ఏళ్ల నాటివి. అంటే ఆమె పుట్టేసరికే అవి రెండు వేల ఏళ్లు దాటిన పాతవి. వాళ్ల నాన్న చిన్నప్పుడు ఆమెను ఎప్పుడైనా అటు తీసుకెళ్లి ఉంటే, మనం చూసినట్టే తలెత్తి చూసి ఉంటుంది. ఇలాంటివి తోచాయంటే టీకి ఆలస్యమైపోతుంది.

నేను నాలుగోసారి వెళ్లింది శనివారం. ఈజిప్టు నుంచి వచ్చిన పదో రోజు. గదిలో నేనూ, ఒక తండ్రీ, ఏడేళ్ల పిల్లా ఉన్నాం. పిల్ల అద్దానికి ముక్కు ఆనించి, "నానా, ఈమె ఎప్పుడు లేస్తది?" అంది. "ముట్టుకోకు" అన్నాడు తండ్రి. అద్దం మీద ముక్కు ముద్ర చిన్న ఆవిరి మచ్చలా నిలిచి మెల్లగా తగ్గిపోయింది. వాళ్లు బుద్ధుడి బొమ్మల వైపు వెళ్లిపోయారు. స్టూలు మీద కూర్చున్న కాపలా ఆయనకు ఊసుపోక నేను ఈజిప్టు వెళ్లొచ్చిన సంగతి చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"అవునా సార్? చూసొచ్చిన్రా? ఆమె ఊరు ఎట్లుంది?"

ఖర్జూరాల అట్ట గుర్తొచ్చింది, ఒంటె గుర్తొచ్చింది, పోలీసాయనతో వాదన గుర్తొచ్చింది.

"ఎండ బాగా ఎక్కువ" అన్నాను.

"ఈడ కూడా గంతే కద సార్" అని, ఆయన జేబురుమాలుతో అద్దం మీది మచ్చ తుడిచి మళ్లీ కూర్చున్నాడు.