కొటేషన్ చీటీకి టీకా తాత్పర్యం

మూలం: "రైజెన్ 5 5600, బి550 బోర్డు, 8 జీబీ ర్యామ్ రెండు, ఆర్‌ఎక్స్ 6600, 500 జీబీ ఎన్‌విఎంఈ, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్, కేబినెట్."

అవతారిక: వడమాలపేటలో ఉండి తక్కువ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ కట్టించుకోవాలనుకునే కుర్రవాడికి రెండే దిక్కులు. ఇటు తిరుపతి షాపులు. అటు పుత్తూరులో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై, అక్కడ మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్. ఎటు వెళ్లినా చేతికి వచ్చేది ఇలాంటి చీటీయే. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ చేసిన మెదకు సీమ వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి దీన్ని చూసి ఉంటే వదిలిపెట్టేవాడు కాడు. ఒక్కో అంకె వెనకా అంత గూఢార్థం ఉంది.

ప్రతిపదార్థం: రైజెన్ 5 5600 = 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఏఎండీ ప్రాసెసర్; ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు కలది. పెట్టెతో కొంటే కూలర్ అందులోనే వస్తుంది, ట్రే పీసు కొంటే రాదు. పేరు చివర 'జి' చేరిన 5600జి లోపలే గ్రాఫిక్స్ ఉన్నది. ఇంటెల్ వ్యాకరణం దీనికి తలకిందులు. ఐ3-12100 పక్కన 'ఎఫ్' చేరిందంటే గ్రాఫిక్స్ పోయినట్టు. ఒకరికి అక్షరం చేరితే ఆగమం, ఇంకొకరికి అదే లోపం. ఈ సూత్రం తెలియక ఎఫ్ రకం కొని, కార్డు తర్వాత చూద్దాంలే అనుకున్నవాడికి తెర మీద చీకటి తప్ప ఏమీ కనిపించదు.

"8 జీబీ రెండు" అనడం పునరుక్తి దోషం కాదు. 16 జీబీ ఒక్క ముక్కగా కొనేకన్నా రెండు ఎనిమిదులు పెడితే డ్యూయల్ ఛానెల్ దక్కుతుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవాడికి ఆ తేడా కళ్లకే కనిపిస్తుంది. ఇంకొక మాట. 3200 అని రాసి ఉన్న ర్యామ్ చాలాసార్లు 2133, 2400 లాంటి వేగం దగ్గరే కూర్చుంటుంది; బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆన్ చేసిందాకా లేవదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలు మండిపోయాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. అందుచేత పాత చీటీలో ర్యామ్ ఎదుట ఉన్న ధరను ప్రమాణంగా తీసుకోరాదు.

ఆర్‌ఎక్స్ 6600 = 2021 అక్టోబరులో వచ్చిన, 8 జీబీ మెమరీ గల గ్రాఫిక్స్ కార్డు; 1080పీ తెరకు తగినది.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ఈ చోట "ఆర్‌టీఎక్స్ 3050" అని కనిపిస్తుంది. ఆ పాఠంలోనే మళ్లీ రెండు పాఠాలున్నాయి. 2022 నాటి 8 జీబీ కార్డులో 2560 కోర్లు. 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో 2304, మెమరీ దారి కూడా 128 బిట్ల నుంచి 96కు కుంచించుకుపోయింది. తగ్గింది మెమరీ ఒక్కటే అనుకుంటారు కొనేవాళ్లు. ఇలా ఒకే పేరుతో రెండు సరుకులు అమ్మడం ఎన్‌విడియాకు కొత్త కాదు, జీటీఎక్స్ 1060 నాడూ చేసింది. "ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ" అన్న పాఠం మాత్రం అగ్రాహ్యం. నాలుగే పీసీఐఈ లేన్లున్న ఆ కార్డు పాత బోర్డు మీద ఇంకా నీరసిస్తుంది.

ప్రక్షిప్తం: చవగ్గా దొరికే సెకండ్ హ్యాండ్ కార్డుల్లో కొన్ని అసలు మూలంలోనివే కావు. పాత జీటీఎక్స్ 550 టీఐకి బయాస్ మార్చి 1050 టీఐ అని అమ్మిన ఘనులున్నారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అలాంటివాటిని పట్టుకుని పేరు పక్కనే నకిలీ అని చూపిస్తుంది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు కాలిన కార్డులు బజారున పడ్డాయి. అవి నకిలీవి కావు, అలిసినవి. ఫ్యాన్ల చప్పుడు విని, కాసేపు ఆడించి చూసిగానీ డబ్బు ఇవ్వకూడదు.

పూర్వపక్షం: ఎస్‌ఎంపీఎస్ దగ్గర తండ్రిగారి ఆక్షేపం. "ఏంరా అబ్బోడా, పెట్టెతో కరెంటు డబ్బా ఊరికే ఇస్తా ఉంటే దానికి మళ్లా దుడ్లు ఎందుకురా?"

సిద్ధాంతం: "ఊరికే వచ్చింది పేలిందంటే కార్డునీ బోర్డునీ వెంట తీసుకుపోతుంది నాయనా." కొడుకు మాటే గ్రాహ్యం. లెక్క చూస్తే 6600 కార్డు తినేది 132 వాట్లు, 5600కు చెప్పిన అంకె 65; అన్నీ కలిపినా 300 దాటడం అరుదు. కాబట్టి పేరున్న 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కూడా చాలు. ఊరూ పేరూ లేని డబ్బా మీద 600 అని అచ్చువేసినంత మాత్రాన అది 600 కాదు. 80 ప్లస్ బ్రాంజ్ అంటే సగం లోడు మీద కనీసం 85 శాతం కరెంటు పనికి వచ్చి, మిగతాది వేడిగా పోతుందని. మే నెల రాయలసీమలో గదిలో ఉన్న వేడే ఎక్కువ, దానికి ఇంకా చేర్చనక్కర్లేదు. ఆ కారణంగానే కేబినెట్‌కు ముందు అద్దం కాదు, జల్లెడ ఉండాలి.

అలంకారం: ఆర్‌జీబీ లైట్లు. ఎఫ్‌పీఎస్ పెంచవు.

తాత్పర్యం: ఉన్న డబ్బులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకు, కోత పెట్టాల్సి వస్తే ముందు బోర్డులోనూ కేబినెట్‌లోనూ. వాలరెంట్ ఒక్కటే ఆడేవాడైతే కార్డే అక్కర్లేదు, 5600జి చాలు.

అన్వయం: అన్నీ బిగించాక మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చాలి. 5600తో బోర్డు మీది హెచ్‌డీఎంఐ రంధ్రం పనిచేయదు.

విశేషం: బిల్లు లేకుండా అయితే జీఎస్టీ 18 శాతం తగ్గిస్తామనే మాట కౌంటర్ దగ్గర వినబడితే చెవిన పెట్టవద్దు. బిల్లు తీసుకోండి, దాని మీద కార్డు, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ సీరియల్ నంబర్లు రాయించుకోండి. రేపు వారంటీ కోసం వెళితే మొదట అడిగేది ఆ కాగితాన్నే.