అడిగినవాణ్ణి బట్టి మైలేజీ

మా తెనాలిలో ఎవరినైనా పొలం ఎంతుందని అడగండి, చెబుతాడు. షుగర్ ఎంతుందని అడగండి, తినకముందు ఎంతో తిన్నాక ఎంతో విడమరిచి మరీ చెబుతాడు. అప్పు సంగతి కూడా దాచడు. నీ పికప్ లీటరుకు ఎంతిస్తోందయ్యా అంటే మాత్రం ముందు ఎగాదిగా చూస్తాడు. వచ్చినవాడు బండి కొనడానికి వచ్చాడా, కిరాయి మాట్లాడటానికి వచ్చాడా, వాటాదారుడా, అత్తారి వైపు చుట్టమా అన్నది తేలాకే నోట్లోంచి అంకె బయటికొస్తుంది.

నాకూ ఒక టర్బో పికప్ ఉంది. కంపెనీ పేరు చెప్పను. చెబితే వాళ్ళు నొచ్చుకుంటారు, వాళ్ళ పోటీవాళ్ళు ఫోన్ చేస్తారు. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిను, నాలుగు సిలిండర్లు, పుస్తకం ప్రకారం టన్నున్నర మోత. తెనాలి నిమ్మకాయలు, దుగ్గిరాల పసుపు, కొల్లూరు వైపు అరటి గెలలు, కోతలయ్యాక బాపట్ల దగ్గర ధాన్యం, ఏది దొరికితే అది మోస్తుంది. డోరు మీద వెండి అక్షరాలతో టర్బో అని రాసుంది. బండి మొత్తం మీద దుమ్ము పట్టని చోటు అదొక్కటే. మా డ్రైవరు రోజూ తుడుస్తాడు.

దాని మైలేజీ అంటారా? కొనేవాడొస్తే పదిహేను. కిరాయి మాట్లాడే షావుకారుకు తొమ్మిది, అదీ దేవుడి దయ ఉంటే. ఇంట్లో అడిగితే పన్నెండు. తొమ్మిదంటే "మరి ఎందుకు కొన్నట్టు?" అంటారు, పదిహేనంటే "మరి మిగిలిన డబ్బులేవి?" అంటారు. పన్నెండు సంసారపక్షంగా ఉండే అంకె.

వీటన్నిటి పైన కంపెనీవాళ్ళ అంకె ఒకటుంటుంది. పుణెలో ఏఆర్ఏఐ అని 1966లో పెట్టిన సంస్థ ఉంది, బండ్లకు పరీక్షలు పెడుతుంది. బండిని రోలర్ల మీద నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. గదిలో వేడి ఎంతుండాలి, ఎన్నో సెకనులో ఎంత వేగం అందుకోవాలి, అన్నీ ముందే రాసి పెట్టుకుంటారు. శాస్త్రం తప్పుపట్టడానికి నేనెవణ్ణి! కాకపోతే ఆ రోలర్ల మీద గేదెలు అడ్డం రావు. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో వేసిన రైలు లైనుకు గేట్లున్నాయి, ఆ గదిలో ఒక్క గేటూ పడదు. గేటు దగ్గర మన కన్నా ముందున్న గడ్డి ట్రాక్టరు స్టార్టు కాకపోవడం అనే ఘట్టం వాళ్ళ పరీక్షలోనే లేదు.

ఇంతకీ ఈ టర్బో ఏం చేస్తుంది? స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ అనే ఇంజినీరు 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇంజిను వదిలే వేడి పొగ ఊరికే పోతోంది కదా, దానితో ఒక చిన్న చక్రం తిప్పిద్దాం, అదే ఇరుసుకు అవతలి కొసన ఇంకో చక్రం బిగించి బయటి గాలిని ఒత్తి ఇంజినులోకి కూరుదాం అన్నది ఆయన ఎత్తు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. లీటరు డీజిల్ మండాలంటే తక్కువలో తక్కువ పన్నెండు కిలోల గాలి కావాలి. టర్బో లేని ఇంజిను పీల్చుకున్నంత గాలితో సర్దుకుంటుంది. టర్బో ఉందంటే, పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించే మేనత్త వచ్చి కూర్చున్నట్టే. గాలి ఎక్కువ వడ్డించింది కదా అని ఇంజిను డీజిలూ ఎక్కువ పుచ్చుకుంటుంది, బలం పుడుతుంది. చిన్న ఇంజినుతోనే పెద్ద ఇంజిను పని జరుగుతుంది కాబట్టి నెమ్మదిగా పోయినప్పుడు డీజిల్ మిగులుతుంది కూడా. అందుకే షోరూములో టర్బో వల్ల బలమూ వస్తుంది, మైలేజీ కూడా వస్తుంది అని చెబుతారు. రెండూ నిజమే. ఒకే రోజు, ఒకే లోడుతో, ఒకే డ్రైవరు చేతిలో మాత్రం రావు.

సరే, బలం వచ్చింది, దాన్ని ఎక్కడ వాడాలి? టర్బో ప్రతాపం చూడాలంటే కొండలెక్కాలి. పైకి పోయేకొద్దీ గాలి పలచనవుతుంది, అక్కడ దాని అవసరం ఉంది. తెనాలి సముద్రమట్టానికి పది మీటర్లు అటూ ఇటూ ఎత్తు. రేపల్లె, బాపట్ల ఇంకా పల్లం. మాకున్న ఘాట్ రోడ్లు రెండే, ఊళ్ళో రైల్వే ఫ్లైఓవరు, పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడల్లా మా డ్రైవరు "చూశారా సార్, టర్బో!" అంటాడు. ఆ సమయంలో మేం సాధారణంగా ఒక షేర్ ఆటో వెనకాల ఉంటాం.

వేగం మాటకొస్తే, సరుకు బండ్లకు 80 దాటకుండా గవర్నరు బిగించి ఉంటుంది. ఆ గవర్నరు తన ఉద్యోగ ధర్మం నిర్వర్తించే అవకాశం మా వైపు రానే రాదు. ఊరికో రామాలయం, దాని ముందు రెండు స్పీడ్ బ్రేకర్లు. చర్చికి రెండు, బడికి రెండు, పలుకుబడి ఉన్నాయన ఇంటి ముందు ఆయన సొంతానికొకటి. ఇంజిను నిమిషానికి 1500 చుట్లు అందుకుంటేగాని టర్బో నుంచి సరిగ్గా గాలి అందదు. ఒకటో గేరు, రెండో గేరు, మూడోది పడింది, బానెట్ కింద సన్నటి ఈల మొదలైంది, వీపు సీటుకు ఆనింది, ఇక బండి ఎగురుతుంది అనుకునేసరికి అమర్తలూరు స్పీడ్ బ్రేకరు. మళ్ళీ ఒకటో గేరు. కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసుంటుంది, దాని అంచున కాపలాకు రాళ్ళుంటాయి, మిగిలిన సగంలో ఎదురుగా బస్సు ఉంటుంది.

ఇక లోడు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే మనం రోజూ తినే సాంబమసూరి, మా బండికి ఇష్టమైన సరుకు. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. టన్నున్నర అంటే సరిగ్గా 20 బస్తాలు. ఇరవయ్యోది పడగానే నేను చెయ్యెత్తుతాను. ముఠా మేస్త్రీ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, పిల్లనిచ్చి మోసపోయిన మామగారి చూపొకటి చూస్తాడు. "టర్బో అని రాసుంది కదండీ" అంటాడు. 2019లో మార్చిన చట్టం ప్రకారం ఎక్కువ లోడుకు 20,000 జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకూ రెండేసి వేలని నేను చెప్పేలోగా షావుకారు కల్పించుకుని, కిరాయి టర్బో రేటు అడిగి మోత మామూలుది మోస్తానంటే ఎలాగంటాడు. పక్క మిల్లులో అలా ఒప్పేసుకున్న బండ్లను చూశాను. కమాన్ కట్టలు ముందు తిన్నగా అవుతాయి, తరవాత అవతలి వైపు వంగుతాయి. ముందు చక్రాలు నేలను మొహమాటానికి తాకుతుంటాయి. రాత్రిపూట హెడ్‌లైట్లు రోడ్డును వదిలేసి తాటిచెట్ల తలల మీద పడతాయి. ఆ బండి యజమాని మర్నాడు బంకు దగ్గర కనబడి మైలేజీ రావడం లేదు, డీజిల్లో కల్తీ ఉందేమో అంటాడు.

బంకు అన్నాను కాబట్టి ఆ లెక్క కూడా చెప్పాలి. ట్యాంకు నింపించి, తిరిగినన్ని కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ నింపించి భాగహారం చెయ్యడమే అసలైన మైలేజీ లెక్క అని చదువుకున్నవాళ్ళు చెబుతారు. మా బంకు కుర్రాడికి ఈ పద్ధతితో పేచీ ఉంది. గొట్టం టక్కుమని ఆగుతుంది. మీటరు మీద 4,860 ఉంటుంది. "రౌండు చేసేదా సార్?" అంటాడు. మనం ఊ అనేలోపు నురగ దిగేదాకా ఆగి, సన్నగా పోసి, బండిని ఒకసారి ఊపి, 5,000 చేస్తాడు. డీజిల్ వందకు కాస్త అటూ ఇటూ ఉన్న ఈ రోజుల్లో ఆ రౌండు విలువ లీటరున్నర పైచిలుకు కాకపోయినా లీటరుకు పైనే. ఇంకో బంకులో కుర్రాడు రౌండు చెయ్యడు. అంచేత మా బండి ఒక బంకు లెక్కలో పదకొండు, ఇంకో బంకు లెక్కలో పదమూడు ఇస్తుంది. ఇంజినుకు ఇందులో ఏ పాపమూ తెలియదు.

టర్బోకు ఒక మర్యాద ఉంది. గట్టిగా తోలుకొచ్చిన బండిని ఆపిన వెంటనే తాళం తిప్పకూడదు. లోపల ఇరుసు ఎర్రగా కాలి ఉంటుంది, దానికి ఆయిలు ఆడుతూ ఉండాలి, అర నిమిషమో నిమిషమో ఇంజిను ఊరికే తిరగాలి. ఇది నిజం, మేస్త్రీలూ చెబుతారు, బండి పుస్తకంలోనూ ఉంటుంది. ఈ సంగతి మా డ్రైవరుకు నేనే చెప్పాను. ఇప్పుడు చెరుకుపల్లి సెంటర్లో టీ తాగేటప్పుడు బండి ఆడుతూనే ఉంటుంది. "ఆపవయ్యా" అంటే "టర్బో చల్లారాలి సార్" అంటాడు. టీ చల్లారుతుంది. రెండో టీ వస్తుంది. ఫోను ఛార్జింగు ఎక్కుతుంది. ఊరికే నిలబడి ఆడే ఇలాంటి ఇంజిను గంటకు అర లీటరు పైనే తాగుతుంది. టర్బో ఈపాటికి గడ్డకట్టి ఉండాలి.

అంతకు మించిన వింత 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లతో మొదలైంది. వీటికి పొగగొట్టంలో ఒక జల్లెడ ఉంటుంది, మసిని పట్టేస్తుంది. నిండితే ఆ మసిని బండే కాల్చేసుకోవాలి. కాలాలంటే గొట్టం బాగా వేడెక్కాలి, వేడెక్కాలంటే కాసేపు ఆగకుండా వేగంగా పోవాలి. పైన చెప్పిన స్పీడ్ బ్రేకర్ల రాజ్యంలో అది కుదిరే పనేనా? మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. అప్పుడు చెయ్యాల్సింది, హైవే ఎక్కి ఇరవై నిమిషాలో అరగంటో ఒకే వేగంతో తోలడం. మా బండి తిరిగే వైపున్న హైవే బాపట్ల మీదుగా ఒంగోలు పోయే 216. అంటే ఏమిటన్నమాట? డీజిల్ పొగను కాల్చడానికి ఖాళీ బండిలో డీజిల్ పోసి చీరాల దాకా పోయి రావాలి.

మా డ్రైవరుకు ఈ వైద్యం మహా నచ్చింది. దీపం వెలగకపోయినా ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి "మసి కాల్చుకొస్తా సార్" అంటాడు. సాయంత్రం బండి వస్తుంది. జల్లెడ శుభ్రం, ఆ మాట ఒప్పుకోవాలి. కాని క్యాబినులో కాళ్ళ కింది మ్యాటు మీద ఇసక ఉంటుంది, సీటు కింద సగం తిన్న మొక్కజొన్న కంకి ఉంటుంది, వెనక బాడీలో పసిపిల్ల చెప్పు ఒకటి. బాపట్ల దగ్గర సూర్యలంక బీచికీ మసికీ ఉన్న సంబంధం అతను చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఆ రోజు మైలేజీ మాత్రం బ్రహ్మాండంగా వచ్చిందన్నాడు. వస్తుంది మరి, ఖాళీ బండి, తిన్నటి రోడ్డు, ఎక్కినవాళ్ళంతా సన్నగా ఉంటారు.

నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులున్న ఒకాయనకు ఇసుజు పికప్ ఉంది, మన శ్రీసిటీలో 2016లో మొదలైన ఫ్యాక్టరీ నుంచి వచ్చే రకం. నాలుగు తలుపులు, వెనక బాడీలో రెండు మేత బస్తాలు, ముందు తెల్ల చొక్కా. ఆయన్ను మైలేజీ అడిగితే వంద కౌంటు రొయ్యల ధర చెబుతాడు. ధర ఉంటే బండి విజయవాడ దాకా తిరుగుతుంది, పడిపోతే షెడ్డులో ఉంటుంది. నాకు తెలిసిన టర్బో యజమానుల్లో అబద్ధం చెప్పనివాడు ఈయనొక్కడే.

డాలస్‌లో మా బాబాయి కొడుకు ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాడు. మూడున్నర లీటర్ల పెట్రోలు ఇంజిను, ఒకటి చాలదని రెండు టర్బోలు. వీడియో కాల్‌లో బానెట్ ఎత్తి చూపించాడు, గ్యారేజీ చూపించాడు, వెనక బాడీ చూపించాడు. మా పందిరి మంచం పడుతుంది అందులో. ఏం మోస్తావురా అంటే ఇండియన్ స్టోరు నుంచి ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా తెస్తాడట. అంటే తొమ్మిది కిలోలు. "గ్యాలనుకు ఇరవై మైళ్ళొస్తోంది అన్నయ్యా" అన్నాడు గర్వంగా. కాగితం మీద వేసి చూశాను, లీటరుకు ఎనిమిదిన్నర. నేను షావుకార్లకు ఏడుస్తూ చెప్పే అంకె కన్నా తక్కువ. వెనకనుంచి మా మరదలు "ఇరవై రెండన్నారు కదండీ నాతో" అంది. లైను కట్టయింది.

మా మెకానిక్ మేస్త్రీ మాత్రం మైలేజీ మాట ఎత్తనివ్వడు. ఆయిలు వేళకు మారుస్తున్నావా లేదా అన్నదే ఆయన ప్రశ్న. మురికి ఆయిలుతో తిప్పితే టర్బో ఇరుసు అరిగిపోతుంది, కొత్తది వేయించాలంటే మిగుల్చుకున్న డీజిలంతా అమ్ముకోవాలి. తెనాలి శిల్పులు పాత బండ్ల నట్లు, బోల్టులు, చైన్లతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు కదా. "వేళకు మార్చకపోతే నీ టర్బో తీసుకెళ్ళి వాళ్ళకిచ్చేయి, ఏ నాయకుడికో ముక్కుగా పనికొస్తుంది" అంటాడు.

పోయిన నెల బండి అమ్మకానికి పెట్టాను. చీరాల నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. టైర్లు తట్టాడు, ఆయిలు పుల్ల లాగి వాసన చూశాడు, బాడీ కిందికి వంగి తుప్పు గోకాడు. లేచి, నన్ను వదిలేసి తిన్నగా మా డ్రైవరును అడిగాడు, మైలేజీ ఎంతిస్తుందని. ఇన్నేళ్ళూ నాకు తొమ్మిది దాటి లెక్క చూపించని మనిషి, నా కళ్ళలోకే చూస్తూ, "పదహారండీ" అన్నాడు.

పెద్దమనిషి గడ్డం నిమురుకున్నాడు. "పదహారిచ్చే బండిని ఎవరన్నా అమ్ముకుంటారా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా డ్రైవరు అందుకున్నాడు. "మా సార్‌కి ఆనదండీ."