జేబులో ఉమ్మడి కాపురం

ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, ఫోనూ చేతి కంప్యూటరూ కలిసున్నది కొనాలా, విడివిడిగా రెండు కొనాలా అని చదువుకున్నవాళ్ళు గంటలకొద్దీ వాదించుకున్న రోజులున్నాయి. నేను విడివిడి పార్టీ. ఓడిపోయిన పార్టీ. ఓడినా జెండా మాత్రం దించలేదు.

నేనేమీ వేరు కాపురాల్లో పెరగలేదు. పదిహేను మందికి ఒకే వంటిల్లు ఉంటే ఎంత సందడిగా ఉంటుందో చూశాను, ఆ ఒక్క పొయ్యీ రాజుకోకపోతే పదిహేను మందీ ఎలా పస్తుంటారో కూడా చూశాను. అందుకే, మనుషుల సంగతి ఎలా ఉన్నా, జేబులో వస్తువులకి వేరు కాపురమే మేలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

మా రోజుల్లో చేతి కంప్యూటరంటే పామ్ వాళ్ళ పైలట్. అది 1996లో అమెరికాలో వచ్చింది. దాన్ని తయారుచేసిన జెఫ్ హాకిన్స్, వస్తువు ఇంకా పుట్టకముందే, అంత సైజు చెక్కముక్క ఒకటి కోయించుకుని చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. ఎవరైనా ఎప్పుడు ఖాళీ అని అడిగితే ఆ చెక్క తీసి, పుల్లతో దానిమీద రాస్తున్నట్టు నటించేవాడు. జేబులో పడుతుందా, తీసి చూడబుద్ధవుతుందా అని ముందు తేల్చుకుని ఆ తరవాతే యంత్రం చేశాడు. ఇవాళ ఫోన్లు చేసేవాళ్ళు ముందు యంత్రం చేసేస్తారు. దానికి సరిపడా జేబు కుట్టించుకోవడం మన ఖర్మ.

అందులో ఉండేవి నాలుగే: అడ్రసులు, తేదీలు, చెయ్యాల్సిన పనులు, నోట్సు. రిమోట్లో వేసే సన్న సెల్లులు రెండు వేస్తే వారాల తరబడి నడిచేది. పుల్లతో గాజుమీద రాయాలి, దానికి ప్రత్యేకమైన రాత నేర్చుకోవాలి. అడ్డగీత లేకుండా గుడిసె కప్పులా గీస్తే ఇంగ్లీషు మొదటి అక్షరం. నలభై దాటాక మళ్ళీ పలక పట్టినట్టే ఉండేది గానీ వారంలో చెయ్యి తిరిగేది. సెల్లులు మార్చడం మాత్రం మంత్రసాని పని. పాతవి తీశాక ఒక్క నిమిషంలో కొత్తవి వేసెయ్యాలి. ఆలస్యమైతే లోపల రాసుకున్నదంతా గోవిందా. కొత్త సెల్లులు రేపర్ విప్పి, ప్లస్సూ మైనస్సూ చూసి, చేతిలో సిద్ధంగా పెట్టుకుని గానీ వెనక మూత తీసేవాళ్ళం కాదు. ఒకవేళ పోయినా కొంప మునిగేది కాదు. దాని స్టాండులో గుచ్చి మీట నొక్కితే అన్నీ ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కేవి, మళ్ళీ నొక్కితే దిగేవి.

ఫోను సంగతి వేరు. మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు చేశారు. తొలిరోజుల్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది. మనకొచ్చిన కాలుకి కూడా మనమే కట్టుకోవాలి. 2003లో గానీ ఆ బాధ వదల్లేదు. మోగితేనే గుండె దడ. అలాంటి వస్తువుతో మాట్లాడటం తప్ప ఇంకో పని పెట్టుకోవాలని ఎవడికి తోస్తుంది?

కలిపి చెయ్యాలన్న దురాశ మాత్రం మొదటినుంచీ ఉంది. ఐబీఎం వాళ్ళ సైమన్ 1994లోనే వచ్చింది. అర కిలో బరువు. 1996లో నోకియా కమ్యూనికేటర్ వచ్చింది. పుస్తకంలా తెరిస్తే లోపల కీబోర్డు, నాలుగొందల గ్రాములు. అది జేబులో వేసుకుంటే చొక్కా ఒకవైపుకి జారేది. ఇక అసలు ద్రోహం హాకిన్స్‌దే. వేరు కాపురం పెట్టించిన మనిషే, తరవాత పెట్టిన హ్యాండ్‌స్ప్రింగ్ కంపెనీలో ఫోనునీ ఈ చేతి డైరీనీ కలిపేసి 2002లో ట్రియో తెచ్చాడు. మరుసటేడు ట్రియో 600. అక్కడ మొదలైంది మా ఆఫీసు క్యాంటీన్లో యుద్ధం.

కలిపేవాళ్ళ వాదన బరువు. రెండెందుకండీ మొయ్యడం అనేవాళ్ళు. సరే, లెక్క చూద్దాం. పామ్ ఫైవ్ 115 గ్రాములు, నోకియా 3310 ఏమో 133. రెండూ కలిపితే 248. ఐఫోన్ 14 ప్రో మ్యాక్స్ ఒక్కటే 240 గ్రాములు, దానికి వెనక రబ్బరు తొడుగు, ముందు గాజు అద్దం అదనం. పాతికేళ్ళు కష్టపడి తగ్గించిన బరువు ఇదీ!

మా వాదన ఎడం. రెండు వస్తువుల మధ్య కాస్త ఎడం ఉంటే దానికో ఉపయోగం ఉంది. ఫోను ఎడమ చెవి దగ్గర, డైరీ కుడిచేతిలో. "గురువారం పదింటికి కుదురుతుందా సార్?" అని అవతలివాడు అడుగుతుంటే మాట ఆపకుండానే గురువారం పేజీ చూసి చెప్పేవాళ్ళం. ఇప్పుడు? "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంటాడు. చెవి దగ్గర్నుంచి ఫోను తీస్తాడు. గొంతు నూతిలోంచి వచ్చినట్టవుతుంది. క్యాలెండరు వెతుకుతుంటే పైనుంచి ఇంకేదో మెసేజి జారుతుంది, వేలు దానిమీద పడుతుంది, గురువారం గంగలో కలుస్తుంది. ఈలోపు అవతలివాడు "హలో, హలో" అంటూనే ఉంటాడు.

డైరీలో చూసి ఫోనులో నొక్కాలి కాబట్టి, నొక్కగా నొక్కగా నంబరు నోటికొచ్చేది. మొన్న సంక్రాంతికి విజయవాడ స్టేషన్లో మా మేనల్లుడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"సెల్లు ఆఫయిపోయింది మావయ్యా."

"అయితే ఏమైందిరా?"

"టిక్కెట్టు అందులోనే ఉంది."

"టీ తాగుతావా?"

"డబ్బులూ అందులోనే."

"పోనీ నా ఫోను తీసుకుని మీ ఆవిడకి చెప్పు."

"నంబరు గుర్తులేదు మావయ్యా."

లక్షల జీతగాడు. ఛార్జింగు లేకపోయేసరికి టిక్కెట్టూ, పర్సూ, పెళ్ళామూ ఏకకాలంలో మాయం! నేనేం చెప్పాను? పొయ్యి ఒకటైతే పస్తు అందరికీ.

చేతి కంప్యూటర్లలో మనవాళ్ళు కూడా ఒక మంచి ప్రయత్నం చేశారు. బెంగళూరులో ఐఐఎస్సీ ఆచార్యులు కొందరు సింప్యూటర్ అని చేతి కంప్యూటరు రూపొందించారు. 2004లో అమిడా పేరుతో అమ్మకానికి కూడా వచ్చింది. దాని అందమంతా స్మార్ట్ కార్డులో ఉంది. ఊరికి ఒక్క యంత్రం ఉంటే చాలు, ఎవరి కార్డు వాళ్ళు పెట్టుకుంటే ఎవరి లెక్కలు వాళ్ళకి కనబడతాయి. ఒక యంత్రాన్ని నలుగురు వాడుకోవాలన్నది వాళ్ళ ఊహ. చివరికి జరిగిందేమిటి? నలుగురున్న ఇంట్లో అయిదు ఫోన్లు.

కొత్తదాంట్లో సుఖం లేదని నేననను. పామ్‌లో మన వాళ్ళ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని ఏడ్చేవాళ్ళం. ఇప్పుడు తెలుగులో మాట్లాడితే తెలుగులోనే రాసిపెడుతోంది. తెలియని ఊళ్ళో సందు మలుపు దాకా చెప్పి తీసుకెళ్తోంది. ఫోను ఎటూ జేబులో ఉండాల్సిందే, డైరీ లేకపోయినా బండి నడుస్తుంది. అందుకే ఫోను గెలిచింది. 2007లో ఐఫోన్ వచ్చాక విడి డైరీ కథ దాదాపు ముగిసింది. పామ్‌ని 2010లో హెచ్‌పీ కొనుక్కుంది, మరుసటేడే ఆ ఫోన్ల తయారీ ఆపేసింది.

అయితే నేను మాత్రం ఇప్పటికీ విడివిడి పార్టీయే. బ్యాంకు సిమ్ము బటన్ల ఫోనులో వేసి బీరువాలో పెట్టాను. డబ్బు పంపడానికి బ్యాంకు వెబ్‌సైటు తెరిచేది చేతిలో ఉన్న పెద్ద ఫోనులో, ఓటీపీ వచ్చేది లోపలి గదిలో. "ఇదేం ఛాదస్తమండీ, వంద రూపాయల బిల్లుకి కూడా బీరువా తాళాలు వెతకాలా?" అని మా ఆవిడ రోజూ అర్చన చేస్తూనే ఉంటుంది.

ఆ మధ్య ఒకడు ఫోను చేసి, కేవైసీ గడువు అయిపోయింది, పది నిమిషాల్లో అకౌంటు ఆగిపోతుంది, నంబరొచ్చింది చెప్పండి సార్ అని ఊపిరాడనివ్వలేదు. లేచి కళ్ళజోడు వెతుక్కుని, తాళాలు అడిగి, బీరువా తీసేసరికి "ఇంతకీ వీడెవడు?" అన్న ప్రశ్న పుట్టింది. అదే నంబరు చేతిలో ఉన్న ఫోనుకే వచ్చుంటే, ఆ ప్రశ్న పుట్టేలోపు చదివేసి ఉండేవాణ్ణి. ఛాదస్తమని తిట్టిన మా ఆవిడ ఇప్పుడు తన బ్యాంకు సిమ్ము కూడా బీరువాలోనే పెట్టమంది.