టమాటాకు ఆర్జిత సేవలు

మొన్న వానరోజున చారు పెట్టుకుందామని ఫోనులో నొక్కి అర్ధకిలో టమాటాలు తెప్పించాను. పది నిమిషాల్లో వచ్చాయి. కవరు చిన్నది, బిల్లు పొడుగుది. సర్దినందుకు ఛార్జీ, తెచ్చినందుకు ఛార్జీ, తక్కువ సరుకు కొన్నందుకు ఛార్జీ, వాన పడుతున్నందుకు ఛార్జీ, ఇన్ని ఛార్జీలు వేసిపెట్టినందుకు ప్లాట్‌ఫామ్ ఛార్జీ. తిరుమలలో ఆర్జిత సేవల పట్టిక గుర్తొచ్చింది. కొండమీదైతే టికెట్ కొన్నవాడికి దర్శనమూ లడ్డూ దక్కుతాయి. టమాటా సేవల్లో మాత్రం టికెట్ కొనేది రైతు, ప్రసాదం పంచుకునేది పూజారులు.

ఏసీ హోటళ్ల సదస్సుల్లో ఒక మాట తరచూ వింటుంటాం: సేవారంగం ఆహార సరఫరా గొలుసును పటిష్ఠం చేస్తుందని. కాదనను. కానీ గొలుసు అనగానే అది ఎవరి మెడలో వేలాడుతోందో, ఎవరి కాలికి బిగిసిందో కూడా చూసుకోవాలి కదా.

కొండకు మూడు గంటల దూరంలో మదనపల్లె. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. మా మామ అక్కడికే కాయ తోలతాడు. వేకువనే పెట్టెలు దిగుతాయి, అది సుప్రభాతం. దింపిన హమాలీని నేనొక్క మాటా అనను, వాడి వీపే వాడి పెట్టుబడి. ఆ తర్వాత వచ్చేవాళ్లకు వీపు అక్కర్లేదు, నోరుంటే చాలు. మండీలో కమీషను నూటికి పది దాకా పోతోందని రైతు సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాయి. దానిమీద జాక్‌పాట్. పేరు విని రైతుకు లాటరీ తగిలిందనుకునేరు. వేలం పాడినవాడికి లెక్కలో రాకుండా ఊరికే వదిలేసే పెట్టెలను అక్కడ జాక్‌పాట్ అంటారు. తగలడమైతే తగిలింది, ఎవరికన్నదే తేడా. అనంతపురం చీనీకాయల మండీలో ఇలా పైన వదలాల్సిన కాయకు ‘సూటు’ అని పేరు. తెలంగాణ వడ్ల కల్లాల్లో ‘తరుగు’. ఊరికో నామం, పంటకో నామం. సహస్రనామార్చన అంటే ఇదే కాబోలు.

అర్చన అయ్యాక ఊంజల్ సేవ. లారీ ఎక్కిన టమాటా ఊగుతూ ఊగుతూ బెంగళూరుకో చెన్నైకో హైదరాబాదుకో బయలుదేరుతుంది. అడుగు పెట్టెల్లో కాయ చితికితే ఆ చితుకుడు ధరలోంచి కోస్తారు. లారీ బాడుగలోంచి కోసినట్టు నేనెక్కడా వినలేదు. ఇక ఏకాంత సేవ, అంటే కోల్డ్ స్టోరేజీ. బంగాళాదుంపకు ఆ భాగ్యం ఉంది, నెలల తరబడి తలుపేసుకుని పడుకుంటుంది. పండిన టమాటాకు అంత ఓపిక లేదు, రోజుల్లో మెత్తబడుతుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

2024లో రిజర్వు బ్యాంకు వెలువరించిన ఒక అధ్యయనంలో లెక్క కట్టారు. మనం టమాటాకిచ్చే రూపాయిలో రైతుకు ముట్టేది సుమారు 33 పైసలు. ఉల్లిగడ్డకు 36, బంగాళాదుంపకు 37. మిగతాదంతా బాడుగ, కమీషను, లాభం, కుళ్లు. నారు పోసి, కట్టెలు నాటి, పురికొసలు కట్టి, మందులు కొట్టి, వానకూ వైరస్‌కూ దణ్ణాలు పెట్టి రెండు మూడు నెలలు పెంచినవాడికి మూడోవంతు. మూడు రోజులు చేతులు మార్చినవాళ్లకు రెండొంతులు. దీన్నే విలువ జోడింపు అంటారు. జోడించేది నిజమే, ఎవరి విలువకన్నది పట్టికలో కనపడదు.

ఢిల్లీవాళ్లు ఊరుకోలేదు. 2018-19 బడ్జెట్‌లో ఆపరేషన్ గ్రీన్స్ అని 500 కోట్లు ప్రకటించారు. టమాటా, ఆనియన్, పొటాటో, మూడూ కలిపి ముద్దుపేరు ‘టాప్’. ఐదేళ్లు తిరిగేసరికి, 2023 జూలైలో, నిజంగానే టాపు లేచిపోయింది. మదనపల్లెలో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. రైతులు తోటల్లో మంచాలేసుకుని కాపలా పడుకున్నారు. సెప్టెంబరు వచ్చింది. రాయలసీమ మార్కెట్లలో కిలో పది రూపాయల లోపుకు జారింది, కోతకూలి కూడా గిట్టదని కాయను పారబోశారు. ఈ రెండు కాలాల్లోనూ మారనివి కొన్నున్నాయి. లారీ బాడుగ కిలోమీటర్ల లెక్కన, ధర లెక్కన కాదు. కిలో 200 అయినా 5 అయినా హమాలీ పెట్టె లెక్కన, డీజిల్ లీటరు లెక్కన. ధర పడితే గొలుసంతా నిలబడే ఉంటుంది, పడేది మొదటి కొక్కెం ఒక్కటే.

అన్నీ తిట్టిపోయడం కూడా న్యాయం కాదు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు నడిపారు. రెండువేల కిలోమీటర్ల అవతలి బేరగాణ్ణి తెచ్చి రైతు ముందు పెట్టడం సేవే. 1999లో రైతు బజార్లు తెరిచింది కూడా మధ్యలో చేతులు తగ్గించడానికే. అయితే అక్కడా రైతు కార్డు ఒకరిది, కాటా ఇంకొకరిది అన్న ఫిర్యాదు పాతబడిపోయింది.

అసలు వింత తెలంగాణలోని ముల్కనూరులో ఉంది. అక్కడి ఆడవాళ్లు 2000లో సొంతంగా పాల సహకార సంఘం పెట్టుకున్నారు. పాలు పోసేది వాళ్లే, చల్లబరిచి ప్యాకెట్లు కట్టే డెయిరీ వాళ్లదే, మిగిలితే బోనస్‌గా పంచుకునేదీ వాళ్లే. చిల్లింగు, రవాణా, అమ్మకం, సేవలన్నీ అక్కడా ఉన్నాయి. కాకపోతే సేవకు జీతమిచ్చేది పాలు పోసిన అమ్మ, ఆమెకు లెక్క చెప్పాల్సింది సేవ చేసినవాడు. ఇలాంటి ముచ్చట సదస్సుల్లో వినపడదు. పాపం, అది స్టార్టప్ కాదు, పెట్టుబడి పెట్టి ఎగరేసుకుపోవడానికి కొనేవాడూ లేడు.

చారు మరుగుతుంటే మామకు ఫోన్ చేశాను. ఈ వారం ధర అడిగితే చెప్పలేదు, “యాడిదిలేప్పా” అన్నాడు. నా బిల్లు చదివి వినిపించమన్నాడు. చదివాను. వాన ఛార్జీ దగ్గర ఆపాడు.

“వాన పడితే మీకాడ ఛార్జీ ఇస్తారా అల్లుడా? మాకాడ వాన పడితే కాయ మచ్చ పడిందని ధర కోస్తారే!”

“తెచ్చిన పిల్లోడు తడిశాడు మామా.”

“ఆ దుడ్లు ఆ పిల్లోడికే పోతాయా?”

నాకు తెలియదన్నాను.

“సరేలే. ఇన్ని పేర్లుండాయే, అందులో మా పేరుమీద ఏమన్నా ఉందా?”

కవరు తిప్పి చూశాను. బిల్లులో లేదు కానీ కవరు మీద రైతు బొమ్మ ఉందని చెప్పాను. తెల్ల తలపాగా, మెలితిప్పిన మీసం, చేతినిండా టమాటాలు, ముఖం నిండా నవ్వు.

“నవ్వతా ఉండాడా?” అన్నాడు మామ. “అయితే మనోడు కాదులే.”