తలకట్టు లేని మేధావి

ఈ సంగతి మా కాలనీలో అందరికీ తెలుసు కాబట్టి ఇక దాచి లాభం లేదు. మీకు తెలియదు గనక, నా నోటితో నేనే చెప్పుకుంటే కాస్త పరువైనా మిగులుతుందని ఆశ.

గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేరిన రెండో నెలకే నాకొక జబ్బు పట్టుకుంది. హనుమకొండ చౌరస్తాలో బస్సెక్కి కాజీపేటలో దిగేలోపు కనబడిన ప్రతి బోర్డుకూ వంకలు పెట్టడం. ఆ మిఠాయి కొట్టు అక్షరాలకు కెర్నింగ్ లేదు. ఆ బట్టల షాపు బోర్డు మీద నాలుగు రకాల ఫాంట్లు కొట్టుకుంటున్నాయి. ఆ ఆస్పత్రి బోర్డు చూస్తే ఉన్న రోగం ముదురుతుంది. ఇవన్నీ మనసులో అనుకుంటే సరిపోయేది. పక్క సీట్లో కూరగాయల సంచీ పట్టుకుని కూర్చున్న పెద్దాయనకు చెప్పేవాణ్ణి. కెర్నింగ్ అంటే అక్షరానికీ అక్షరానికీ మధ్య ఉండాల్సిన ఎడం అని వివరించేవాణ్ణి కూడా. ఆ మాట నేర్చుకుని అప్పటికి నాకే పదకొండు రోజులు.

1957లో స్విట్జర్లాండులో పుట్టిన హెల్వెటికా అనే ఫాంటు నాకు ఇలవేల్పు అయ్యింది. దాని పేరు అచ్చేసిన టీషర్టు వేసుకుని తిరిగాను. ఆ ఫాంటులో నా పేరు తెలుగులో రాసుకుందామంటే నా దగ్గరున్న ఫైల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు. అది దాని లోపమని నాకు తట్టలేదు, తెలుగు లోపమే అనుకున్నాను. మన అక్షరాలకు ఇన్ని వంపులెందుకు, ఇన్ని సున్నాలెందుకు, కింద ఈ వత్తులు వేలాడటమెందుకు అని తెగ బాధపడ్డాను. పెళ్ళిపత్రికల్లో బాపు చేతిరాత ఫాంటు కనబడితే ‘పాతచింతకాయ’ అని పెదవి విరిచేవాణ్ణి. బాపు గారు ఏ లోకంలో ఉన్నారో, అక్కణ్ణుంచే నన్ను క్షమించాలి. ఆయన క్షమించినా నా పెళ్ళినాడు ఆ ఫాంటు క్షమిస్తుందో లేదో.

మీరూ ఏదో ఒకటి నేర్చుకున్న కొత్తలో ఇంట్లోవాళ్ళను ఇలాగే కాల్చుకు తినే ఉంటారు. కాదనకండి. యోగా నేర్చుకున్నవాడు వారం తిరక్కముందే మన వెన్నెముక గురించి దిగులుపడతాడు. నాది కూడా అలాంటిదే, కాకపోతే నాది పది అడుగుల వెడల్పున ప్రింటయింది.

దసరా దగ్గరపడింది. మా కాలనీ కమిటీ అధ్యక్షుడు, నాకు వరసకు కాక, ఇంటికొచ్చాడు. ‘అరేయ్, నువ్వు గదేదో డిజైన్ చదువుతున్నవంట గద. బతుకమ్మ ఫ్లెక్సీ నువ్వే చెయ్యాలె’ అన్నాడు. చేతిలో ఓ కవరు పెట్టాడు. తీసి చూస్తే ఇరవై మూడు పాస్‌పోర్టు ఫోటోలు. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, సలహాదారులు, ఆఖర్న సౌండ్ బాక్సులిచ్చే కుర్రాడు.

నేను ఆ కవర్ని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పెట్టాను. ‘కాకా, డిజైన్ అంటే ఏం పెట్టాలో కాదు, ఏం తీసెయ్యాలో తెలియడం’ అన్నాను. ఇది నా సొంత వాక్యమనుకునేరు, వీడియోలో విన్నది. ఫ్లెక్సీలో సగం ఖాళీగా వదులుతానని, దాన్ని వైట్ స్పేస్ అంటారని చెప్పాను. కాక కాసేపు ఆలోచించి, ‘ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్కన పైసలు గుంజుతరు గదరా. ఉత్త తెల్లదానికి గూడ మనమే ఇయ్యాల్నా?’ అని అడిగాడు. ఇప్పటిదాకా ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. అప్పుడు మాత్రం జాలిగా నవ్వాను.

ఆ రాత్రి కూర్చున్నాను. మా నాయిన అప్పుచేసి కొనిచ్చిన పెన్ టాబ్లెట్ ఉంది, పక్కన చాయ్ ఉంది, లోపల అహంకారం ఉంది. ముందు తీసేయడం మొదలుపెట్టాను. కాకతీయ తోరణం తీసేశాను. మా వరంగల్లో చెప్పుల షాపు బోర్డు మీద కూడా తోరణం ఉంటుంది కాబట్టి అది నా స్థాయికి తగదు. తంగేడు పసుపు మరీ కొట్టొచ్చినట్టుందని తీసేసి, మూడు రకాల లేత నీలాలతో బతుకమ్మను గీశాను. గునుగు పువ్వును సాగదీసి సాగదీసి ఒక గీతలో తేల్చాను. ఇక మిగిలింది పేరు.

‘బతుకమ్మ’ అన్న అయిదక్షరాల మాటను నేనే సొంతంగా గీద్దామనుకున్నాను. (నాలుగే. తరవాత లెక్కపెట్టాను.) మూడింటి వరకూ వాటి వంక చూశాను. త, క, మ మీద ఉన్న తలకట్టు నా కంటికి దుమ్ములా కనిపించింది. తీసేశాను. ఆహా, ఎంత శుభ్రం, ఎంత స్విస్! తెలుగు లిపిని వెయ్యేళ్ళ బరువు నుంచి విడుదల చేసినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాను. బ కి అసలు తలకట్టే ఉండదన్న సంగతి కూడా ఆ రాత్రి గమనించలేదు. ఖ, జ, ట, ణ, బ, ల, వీటికి తలకట్టు లేదు. చిన్నప్పుడు పలక మీద దిద్దినవాణ్ణే, అయినా ఎప్పుడైనా చూస్తే కదా.

మర్నాడు సాయంత్రం ప్రింటింగ్ షాపుకు పోయాను. అక్కడి డీటీపీ అన్న పేజ్‌మేకర్ కాలం నుంచీ ఆ కుర్చీలోనే ఉన్న మనిషి. నా ఫైలు తెరిచి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ‘తమ్మీ, క నెత్తిమీద తలకట్టు తీస్తివి. తలకట్టు లేకుంటే అది వత్తు గద? కింద ఉండాల్సిన వత్తు పైకెక్కి కూసున్నట్టుంది’ అన్నాడు. ఎంత నిజమో చూడండి: క కింద వేలాడితే క వత్తు, నెత్తిన టిక్కు పెట్టుకుని నిలబడితే క. ఆ టిక్కే దాని హోదా. నేను మాత్రం ‘అది స్టైల్ అన్నా’ అన్నాను.

‘సైజు?’ అన్నాడు. ‘1080 పిక్సెల్స్’ అన్నాను గర్వంగా. ఇన్‌స్టాగ్రామ్ కొలత అది. ఆయన నా వైపు చూసి, మళ్ళీ తెర వైపు చూసి, ‘పది అడుగులకు సాగుతదా?’ అన్నాడు. ‘సాగించు’ అన్నాను. అంతలో కాక ఫోను, ఇద్దరు సలహాదారుల పేర్లు మారాయట. పక్కనున్న రెండో కంప్యూటరులో ఫొటోషాప్ ఉంటే నేనే కూర్చున్నాను, పేర్లన్నీ టకటకా టైపు కొట్టాను, పోస్టులు కొట్టాను, శుభాకాంక్షలు కొట్టాను, తెర మీద అక్షరాలు చీమలంత ఉన్నాయి, నా టేస్టే అంత, చిన్నగా ఉంటేనే నాజూకు, ‘ప్రూఫ్ చూస్తవా తమ్మీ’ అన్నాడాయన, ‘అక్కర్లేదన్నా, కొట్టెయ్’ అన్నాను, మిషను కర్రుకర్రుమంటూ తల అటూ ఇటూ తిప్పింది, చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాను, ఇద్దరు పిల్లలు కర్రలెక్కి కట్టేశారు, చీకటిపడింది, ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

తెల్లారింది.

పది అడుగులంటే 120 అంగుళాలు. 1080 చుక్కల్ని 120కి పంచితే అంగుళానికి తొమ్మిది. ఒక్కో చుక్కా పెసరగింజంత. నా నాజూకు వంపులన్నీ మెట్లు మెట్లుగా, ఎవరో ఇటుకలతో కట్టినట్టు ఉన్నాయి. లాప్‌టాప్ తెర మీద మెరిసిన లేత నీలం సిరాలోకి దిగేసరికి బట్టలుతికిన నీళ్ళయింది. తెర వెలుగుతో రంగు కలుపుతుందని, మిషను సిరాతో కలుపుతుందని క్లాసులో చెప్పారు. ఆ రోజు నేను కిటికీలోంచి బోర్డులు చూస్తున్నాను.

అసలు ఘోరం కిందుంది. పాత ఫొటోషాప్‌లలో మన లిపుల కోసం విడిగా ఒక సెట్టింగు పెట్టాలి. పెట్టకపోతే వత్తు కిందికి దిగదు, పొల్లు తగిలించుకుని పక్కనే నిలబడుతుంది. నా లాప్‌టాప్‌లో అది పెట్టి ఉంది, షాపు కంప్యూటరులో లేదు. డీటీపీ అన్నకు దాని అవసరమే రాలేదు మరి. ఆయన వాడేవి అను ఫాంట్లు, వాటిలో వత్తు విడి ముక్క, ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటుంది. అలా మా కాక ‘అధ్‌యక్‌షుడు’ అయ్యాడు. ఇద్దరు ‘ఉపాధ్‌యక్‌షులు’. అందరి తరఫునా ‘శుభాకాంక్‌షలు’.

నిజం చెప్పాలంటే అది ఎవరూ చదవలేదు. కాలనీ మొత్తం ఫ్లెక్సీ ముందు నిలబడి వెతుకుతున్నది ఒక్కటే. ‘ఫోటోలేవి?’ కాక నోట మాట రాలేదు. సౌండ్ బాక్సుల కుర్రాడు మాత్రం ఆ సాయంత్రం సౌండ్ బాక్సులు ఇవ్వనన్నాడు. మా నానమ్మ చీర చెంగు నెత్తిన కప్పుకుని వచ్చి, తల పైకెత్తి చాలాసేపు చూసింది. ‘తంగేడు ఏదిరా? గునుగు ఏది? గిది బతుకమ్మనా, బర్త్‌డే కేకా?’ అంది. తరవాత అక్షరాలు చూసింది. ‘పండుగ పూట గీ బోడి తలలేందిరా’ అంది. నానమ్మకు చదువు రాదు.

నేను అక్కణ్ణుంచి మాయమై వేయిస్తంభాల గుడికి పోయి కూర్చున్నాను. అవమానం జరిగితే వరంగల్ కుర్రాళ్ళకు అదొక సౌకర్యం. అక్కడ 1163లో కాకతీయ రుద్రదేవుడు వేయించిన శాసనం ఉంది. భాష ఎక్కువగా సంస్కృతం, లిపి తెలుగూ కన్నడమూ ఇంకా విడిపోనప్పటిది. ఒక్క ముక్క చదవలేకపోయాను. కానీ ఉలితో కొట్టిన ఆ అక్షరాల్లో చాలావాటి నెత్తిన చిన్న గీత ఉంది. రాతి మీద ఒక్కో గీతకూ ఎంత చెమట పట్టాలి! తీసేస్తే పోయేదానికి ఆ పనివాడు అంత కష్టపడతాడా? ఫోన్ తీసి నా బయోలోంచి ‘టైపోగ్రాఫర్’ అన్న మాట తీసేశాను. సాయంత్రానికి ‘టైప్ ప్రేమికుడు’ అని పెట్టాననుకోండి.

రెండో ఫ్లెక్సీ డీటీపీ అన్న ఇరవై నిమిషాల్లో చేశాడు. పక్కన నిలబడి చూశాను. కాక ముఖం బండిగీరంత. ఉపాధ్యక్షులు ఇద్దరూ కాకకన్నా తక్కువ, ఒకరికొకరు మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు. మాటల్లేని ఇద్దరు సలహాదారుల్ని చెరో మూలకు పంపాడు. సౌండ్ బాక్సుల కుర్రాడికి చిన్న సైజే, కానీ చుట్టూ బంగారు రంగు వలయం. నేను రెండు నెలలుగా క్లాసులో హైరార్కీ అని రాసుకుంటున్నది ఇదన్నమాట. మధ్యలో తంగేడు, గునుగు, బంతి, పక్కన తోరణం, పైన తలకట్టుతో సహా బతుకమ్మ. వత్తు కింది వరుస గుడికి తగలకుండా వరుసల మధ్య వేలెడు ఎడం వదిలాడు. ‘తెలుగుకు పైన గుడి, కింద వత్తు. రెండిటికీ జాగ ఇయ్యాలె తమ్మీ’ అన్నాడు. అదీ వైట్ స్పేసే. కాక దానికి పైసలు మారుమాట లేకుండా ఇచ్చాడు. నా ఫ్లెక్సీ ఖర్చు మాత్రం మా నాయిన కట్టాడు.

ఆ మొదటి ఫ్లెక్సీని నానమ్మ మడిచి దాచింది. మాఘమాసంలో మిర్చి రాగానే డాబా మీద పరిచింది. ఒక మధ్యాహ్నం కాపలాకు నన్ను కూర్చోబెట్టారు. చూస్తే నా బోడి క నెత్తిమీద ఒక ఎర్ర మిరపకాయ వంకరగా పడి ఉంది, అచ్చం తలకట్టులా. వంగి ఫోటో తీశాను. రంగులు కాస్త సరిచేసి, ‘ప్రయోగాత్మక టైపోగ్రఫీ’ అని పేరు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో వేశాను.

నలభై ఒక్క లైకులొచ్చాయి. ఆ మిరపకాయ ఎలా పెట్టావని ఇద్దరు అడిగారు. చాలా ఆలోచించి పెట్టానని చెప్పాను.